చేతులు కడుక్కున్నరా?

అలంపూర్
14 జూన్ 2009

శ్రవణ్‌కు వదిన రాస్తున్నది.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరం ఏందని నవ్వుకోకు. పెద్ద సంగతులు ఫోన్లో చెప్పబోతే నాకు ముందు ఏడుపొస్తుంది, తర్వాత మాటొస్తుంది. ఆలోపల నీ కంప్యూటర్ సెంటర్‌కు ఎవరో ఒకరు వస్తారు, నువ్వు "మళ్ల చేస్త వదినా" అని పెట్టేస్తావు. మీ అన్న మండలి పనులన్నీ పోస్టులోనే నడిపాడు. నేనూ అట్లే నడుపుతున్నాను.

మండలి సంగతి నీకు వేరే చెప్పాలా? గద్వాల ఇంట్లో ఆ కంప్యూటర్ టేపుల కీచుమోత మధ్యనే కదా నువ్వు చదువుకున్నది. తను పాఠాలు చెప్పే బడిలో మూలకు పడేసిన బీబీసీ అనే పాతకాలం కంప్యూటర్లు మూడు మీ అన్న అడిగి ఇంటికి తెచ్చాడు. తన దగ్గర నేర్చుకున్న పిల్లల్ని కూడేసి వాటికొక మండలి పెట్టాడు. అప్పుడు ముప్పై ఒక్కమంది. ఇప్పుడు నాతో కలిపి తొమ్మిదిమంది, ఒక్క కంప్యూటర్. అదైనా బిజినేపల్లి యేసుబాబు పాత టీవీల్లోంచి సామాన్లు పీకి వేస్తుంటే నడుస్తోంది.

ఆ కంప్యూటర్లలో ప్రోగ్రాం అంతా ఒక మోతగా మామూలు క్యాసెట్ మీదే ఎక్కుతుంది కదా, ఎవరు ప్రోగ్రాం రాసినా పాటల క్యాసెట్ మీద ఎక్కించి పంపేవాళ్లు. మీ అన్న మంచివి ఏరి, ఒక టేపు చేసి, ఊరూరూ తిప్పేవాడు. ప్రతి టేపు మొదట ఆయన మాట ఉంటుంది. టేపు ఎన్నోది, ప్రోగ్రాం ఎవరు రాశారు, ఏ ఊరు, అన్నీ చెప్పి చివరకు "చేతులు కడుక్కున్నరా?" అని అడుగుతాడు. మిర్చీలు తిన్న చేతులతో బటన్లు ముట్టుకునే పిల్లలకు చెప్పి చెప్పి పడ్డ అలవాటు అది. ఆ తర్వాత ప్రోగ్రాం మోత మొదలవుతుంది.

ఏటా గాంధీ జయంతికి కూడతాం. టేపు పెడతాం. ఆయన అడుగుతాడు. నెత్తి నెరుస్తున్న వాళ్లు కూడా ఒక్కగొంతుతో "కడుక్కున్నం సార్" అంటారు. ఆయన పోయి నాలుగేండ్లయినా అంటూనే ఉన్నారు. నిజం చెప్తున్నా, వాళ్లు ఆ ఒక్క మాట కోసం వస్తున్నారు. నేనూ ఆ మాట కోసమే నడుపుతున్నాను.

ఇప్పుడు నది గాలికి టేపులకు బూజు పడుతోంది. పోయినేడు మూడో టేపు తెగితే గోళ్లరంగుతో అతికించాను. మా పెళ్లికి వీడియో లేదు. ఆయన గొంతు ఈ ఇరవైఆరు టేపుల్లో తప్ప ఇంకెక్కడా లేదు. నీ కొత్త కంప్యూటర్లలో వీటిని ఎక్కించి సీడీ చేసి పెడతావా? ప్రోగ్రాంలు, ఆయన మాట, రెండూ.

మా తోడికోడలు శ్రీవాణికి మామిడికాయ తొక్కు పంపుతున్నానని చెప్పు.

నీ వదిన
మాలతి


నాగర్‌కర్నూల్
28 జూన్ 2009

వదినకు నమస్కారాలు.

తొక్కు వచ్చింది. శ్రీవాణి సగం అప్పుడే ఖాళీ చేసింది, మిగతా సగం నాకు దొరకకుండా దాచింది.

టేపులు పంపు, ఎక్కిస్తాను. కొత్త కంప్యూటర్‌నే బీబీసీలాగా నటింపజేసే సాఫ్ట్‌వేర్ ఒకటి ఇంటర్నెట్‌లో ఉంది. ఇంగ్లండులో కొందరు పిచ్చోళ్లు చేసి పెట్టారు, మన పిచ్చోళ్లకంటే పెద్దవాళ్లు. సీడీ చేసిస్తే మీ తొమ్మిదిమందీ ఎవరి ఇంట్లో వాళ్లు కూర్చొని ఆడుకోవచ్చు. ఆ పాత డబ్బాకు యేసుబాబు వైద్యం చేయనక్కర్లేదు.

ఒక మాట చెప్తే కోపం చేసుకోకు. ఇక చాలు వదినా. హాస్టల్లో పని చేసి వచ్చి, ఆదివారాలు కార్డులు రాసి, పోస్టాఫీసు చుట్టూ తిరిగి, ఎవరి కోసం? మా సెంటర్‌కు వచ్చే పిల్లలకు క్యాసెట్ అంటేనే ఎరుక లేదు. నీకు నలభై మూడే. మండలి అన్న పెట్టుకున్నది. నువ్వు నీకోసం ఏదన్నా చేసుకో.

నాకు ఆ మండలి అంటే ఎందుకు పడదో నీకు తెలుసనుకుంటాను. ఆరో తరగతిలో పుట్టి ఆట అని ఒక ప్రోగ్రాం రాశాను, గుర్తుందా? ఇంగ్లీషు ఓ అక్షరం నది దాటే గుండ్రటి పుట్టి, నక్షత్రం గుర్తులు తుంగభద్రలో రాళ్లు. దసరా సెలవులన్నీ దానికే పెట్టాను. టేపు మీద ఎక్కించి అన్న చేతిలో పెడితే "చూస్త" అన్నాడు. అంతే. ఊళ్లో పిల్లలందరి ప్రోగ్రాంలూ టేపుల్లోకి ఎక్కినయ్, అందరికీ మెచ్చుకోలు కార్డులు పోయినయ్. నాది చూశాడో లేదో కూడా చెప్పలేదు. నెల చూసి, ఆ గదిలో అడుగు పెట్టడం మానేశాను. తర్వాత వనపర్తి హాస్టల్‌కు పోయాను. ఇరవై ఏండ్లవుతోంది. ఇప్పుడు చెప్పుకుంటే చిన్నపిల్లల గొడవలాగానే ఉంది, కానీ పోలేదు.

నీ మరిది
శ్రవణ్


అలంపూర్
9 జూలై 2009

శ్రవణ్‌కు,

ఈ ఉత్తరం తెచ్చిన మనిషి యేసుబాబు. అతనికి చాయ్ పోయించు, చక్కెర ఎక్కువ. రేకు డబ్బాలో ఇరవైఆరు టేపులున్నాయి, లెక్క చూసుకో. బస్సులో ఒళ్లో పెట్టుకొని తెస్తానన్నాడు. కింద పెడితే ఇంజను వేడి తగులుతుందట.

నీ ఉత్తరంలో "పాత డబ్బా" అన్న మాట రెండుసార్లు చదివాను. కంప్యూటర్‌నే అన్నావు, నన్ను కాదని నాకు నేనే చెప్పుకున్నాను. పోనీ. నాకోసం ఏదన్నా చేసుకోమన్నావు కదా, నాకోసమే ఇది చేసుకుంటున్నాను. హాస్టల్ నుంచి వచ్చి తాళం తీస్తే ఇంట్లో చప్పుడుండదు. టేపు పెడితే ఆయన "చేతులు కడుక్కున్నరా?" అంటాడు. కడుక్కొని వచ్చి అన్నం పెట్టుకుంటాను. ఇది నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు, నవ్వుతారని.

పుట్టి ఆట గురించి అంత కడుపులో పెట్టుకున్నావా? మీ అన్నదమ్ములిద్దరికీ నోళ్లు దేవుడు తినడానికే ఇచ్చాడు. నీ ప్రశ్నకు జవాబు నా దగ్గరుంది. నేను చెప్పను. ఏడో టేపు మొదటి నుంచి విను. మీ అన్న నోటితోనే వినాలి, నా నోటితో వింటే రుచి ఉండదు. విన్నాక నాకు కార్డు రాయి. ఎదురుచూస్తుంటాను.

వదిన


నాగర్‌కర్నూల్
16 ఆగస్టు 2009

వదినకు,

నిన్న జెండా పండుగకు సెంటర్ మూసి, కూర్చొని పని ముగించాను. ఇరవైఆరు టేపుల్లో నూటనలభై ప్రోగ్రాంలు. నాలుగు తప్ప అన్నీ మంచిగా ఎక్కాయి. మీ మండలి కురుమూర్తి రాసిన వేరుశనగ విత్తనం లెక్క ప్రోగ్రాం ఇప్పటికీ సరిగ్గా చెప్తోంది. సీడీ తొమ్మిది కాపీలు చేశాను, మనిషికొకటి. వాళ్లకు పోస్టులో పంపుతున్నాను, నీదీ దీంతోనే ఉంది.

అన్న మాటలు మాత్రం సీడీలోకి రాలేదు. టేపులోంచి ప్రోగ్రాం తీసే సాఫ్ట్‌వేర్ ప్రోగ్రాం మోతనే గుర్తుపడుతుంది, మనిషి గొంతును తీసుకోదు. మొదట్లో ఉన్నదాన్ని వదిలేసి మోత దగ్గర్నుంచి మొదలుపెడుతుంది. నేనేం చేయలేను. ముఖ్యమైనవి ప్రోగ్రాంలే కదా, అవి ఉన్నాయి.

ఇక్కడ వానలు అంతంతమాత్రం. బోర్లు ఎండుతున్నాయి. శ్రీవాణి నిన్ను అడిగినట్టు చెప్పమన్నది.

శ్రవణ్


అలంపూర్
26 ఆగస్టు 2009

శ్రవణ్‌కు,

సీడీ అందింది. హాస్టల్ ఆఫీసు కంప్యూటర్‌లో పెట్టి చూశాను. అన్నీ కదిలాయి. మా వార్డెనమ్మ గద్వాల కోట బొమ్మ గీసే ప్రోగ్రాం చూసి, "ఇది ఎవరు చేసిన్రు?" అని అడిగింది. గర్వంగానే చెప్పాను.

కానీ అడుగుతాను, ఏమనుకోకు. పాటలు ఎక్కే కంప్యూటర్‌కు ఆయన మాట ఎందుకెక్కదు? నాకు ఈ కొత్తవి తెలియవు. నువ్వు చదివినవాడివి, నువ్వు రాదంటే రాదనే నమ్ముతాను. మీ అన్నైతే ఒకటికి పదిసార్లు చేసి చూసేవాడు.

ఏడో టేపు సంగతి నువ్వు ఒక్క ముక్క రాయలేదు. రోజూ పోస్టుమన్ దిక్కు చూశాను. ఆ మాట విని కూడా నీకు ఏమీ అనిపించలేదంటే, ఇక నేను అనేదేముంది?

టేపులు తిప్పి పంపు. సీడీలో ఆయన లేడు కాబట్టి నాకు టేపులే కావాలి. గాంధీ జయంతికి అందరూ వస్తున్నారు. ఆయన అడగకపోతే ఆ కూడిక కూడికే కాదు.

మాలతి


నాగర్‌కర్నూల్
7 సెప్టెంబర్ 2009

వదినకు,

టేపులు నా దగ్గరే ఉండనీ. ఇక్కడ కంప్యూటర్ల గదికి ఏసీ ఉంది, చెమ్మ ఉండదు. బీరువాలో పెట్టి తాళం వేశాను. నీ ఇల్లు నదికి దగ్గర, గోడలు ఎప్పుడూ తడిగానే ఉంటాయి. అక్కడ పెడితే రెండేండ్లలో బూజు తినేస్తుంది. నీకు వినాలనిపించినప్పుడు ఇక్కడికి రా, నాలుగు రోజులుండి విను. శ్రీవాణి కూడా సంతోషపడుతుంది.

కూడికకు ఒక్క టేపు చాలు కదా. ఏది కావాలో చెప్తే అది పంపుతాను.

ఏడో టేపు గురించి అడిగావు. పని ఒత్తిడిలో ఉన్నాను. తర్వాత రాస్తాను.

శ్రవణ్


అలంపూర్
15 సెప్టెంబర్ 2009

శ్రవణ్ కుమార్‌కు,

ఖిల్లా ఘణపూర్ కురుమూర్తి మొన్న నాగర్‌కర్నూల్ మార్కెట్‌కు వచ్చి, నిన్ను పలకరిద్దామని మీ సెంటర్ దాకా వచ్చాడట. నువ్వు లేవు. బయట పాత సామాన్ల గంపలో క్యాసెట్లు పడి ఉన్నాయట. పాపం, గంప మొత్తం గెలికి చూసి, మన టేపులు కనపడక, "గవి వేరేవేమో మేడం, పరేషాన్ గాకుండ్రి" అని ఫోన్ చేశాడు.

ఒక్క టేపు పంపుతానన్నావు. మిగతావి ఏమయ్యాయి?

నాకు అన్నీ కావాలి. ఇరవైఆరు. యేసుబాబు ఇరవైఏడో తారీఖు వస్తాడు, అతని చేతికియ్యి. నేను వచ్చి నీ ఇంట్లో అతిథిగా కూర్చొని నా మొగుని గొంతు వినాలా? తడి గోడలైనా అది నా ఇల్లు.

మాలతి


నాగర్‌కర్నూల్
27 సెప్టెంబర్ 2009

వదినకు,

ఇరవైఆరు టేపులు. యేసుబాబు ముందర లెక్కపెట్టి ఇచ్చాను. గంపలో కురుమూర్తి చూసినవి మా బిల్డింగ్ ఓనరువి, పాత సినిమా పాటలు. ఇన్నేండ్లు నీ చేతి అన్నం తిన్నవాడిని, అన్న టేపులు గంపలో పడేస్తానని నువ్వు అనుకున్నావు. సరే.

కూడికకు నేను రాను. ఎప్పుడూ రాలేదు కాబట్టి ఎవరికీ తేడా ఉండదు.

శ్రవణ్


గద్వాల
12 అక్టోబర్ 2009

శ్రవణ్‌కు,

మొన్న నువ్వూ శ్రీవాణీ వరదకు మమ్మల్ని తెచ్చి పెట్టిన ఇక్కడి బళ్లోకి వచ్చి, దుప్పట్లు, బియ్యం ఇచ్చి, నా చేయి పట్టుకొని కూర్చున్నప్పుడు అడగాలనుకున్నాను. చుట్టూ అంతమంది ఉన్నారు, అడగలేకపోయాను. నువ్వూ ఏదో చెప్పబోయి ఆగావు. అందుకే రాస్తున్నాను.

ఆ రోజు జరిగింది నీకు సరిగ్గా తెలియదు. కురుమూర్తి ఎప్పటిలాగే ఒకరోజు ముందే వచ్చి సత్రంలో దిగాడు. గాంధీ జయంతి పొద్దున్నే నీళ్లు వీధిలోకి వచ్చాయి. నేను హాస్టల్లో ఉన్నాను. చిన్నపిల్లలు ఏడుస్తున్నారు, వాళ్లను ఒక్కొక్కరినీ పైఅంతస్తుకు ఎక్కిస్తున్నాము. ఇల్లు గుర్తురాలేదంటే అబద్ధం, కానీ పోవడానికి లేదు. కురుమూర్తి నా మొహం చూసి, తాళంచెవి అడిగి తీసుకొని పోయాడు.

గంట తర్వాత నడుములోతు నీళ్లలో వచ్చాడు. నెత్తి మీద నా ఉన్ని దుప్పటి మూట. పైకెక్కి, మూట దించి విప్పాడు. దాంట్లో కంప్యూటర్ ఉంది. ఒక్క చుక్క తడి కాలేదు. అతను చలికి వణుక్కుంటూ నవ్వుతున్నాడు. "రెండు మోసేతట్టు లేకుండె మేడం. టేపుల డబ్బ అటక మీదున్నది. అవన్ని సీడీల ఉన్నయి గద, నా ఇంట్ల గూడ ఒకటున్నది. సార్ మిషన్ పోతే మల్ల యాడ దొర్కుతది? అందుకని గిదే తెచ్చిన" అన్నాడు.

సీడీలో సార్ మాట లేదని అతనికి తెలియదు. మండలిలో ఎవరికీ తెలియదు, ఆ మాట కూడికలోనే వినాలని ఎవరూ సీడీలో వెతకలేదు. కూడిక రోజు టేపు పెట్టి వినిపిస్తాను కదా, అప్పుడు చెప్దామనుకున్నాను. ఇంట్లో కంప్యూటర్ లేని మనిషి అతను, సీడీని దేవుని పటం పక్కన పెట్టుకున్నాడు.

నేను "మంచి పని చేసినవ్ కురుమూర్తి" అన్నాను. ఇంకేమనను చెప్పు?

నీళ్లు అటక దాటాయి. నాలుగు రోజులకు దిగాక, యేసుబాబు బిజినేపల్లి నుంచి వచ్చి బురదలోంచి డబ్బా తీశాడు. ఒక్కో క్యాసెట్ విప్పి, టేపు కడిగి, బట్టల తీగ మీద ఆరేశాడు. రెండు రోజులు ఆ పనే చేశాడు. తర్వాత ఒక్కొక్కటి చుట్టి పెట్టి చూశాడు. పదిపన్నెండు తెగాయి. మిగతావి తిరుగుతాయి గానీ బురద గీసుకుంటున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. ఇరవైఆరోది చూసి, స్క్రూడ్రైవర్ కింద పెట్టి, బయటికి పోయి నిలబడ్డాడు.

మండలి వాళ్లు తమ దగ్గర పాత టేపులున్నాయేమోనని వెతికారు. ఆ రోజుల్లో క్యాసెట్ దొరికితే దాని మీదే మళ్లీ ఎక్కించుకునేవాళ్లం కదా, ఎవరి దగ్గరా లేవు.

శ్రవణ్, కోపాలన్నీ నీళ్లలో పోయాయి. ఒక్కటే అడుగుతున్నాను. నీ కంప్యూటర్‌లో వెతుకు. పొరపాటున ఏ ఒక్క టేపుదైనా మాట ఎక్కి ఉంటుందేమో చూడు. సగం మాటైనా సరే. "చేతులు" అన్నదొక్కటైనా సరే.

వదిన


నాగర్‌కర్నూల్
20 అక్టోబర్ 2009

వదినా,

వెతికాను. లేదు. లేదని వెతకకముందే తెలుసు.

నీకు అబద్ధం చెప్పాను. అన్న మాట కంప్యూటర్ తీసుకోదన్నది అబద్ధం. పాట ఎట్లా ఎక్కుతుందో మాట అట్లాగే ఎక్కుతుంది. నువ్వు అడిగిందే నిజం. టేపు మొదటినుంచి రికార్డు నొక్కితే చాలు, వేరే పనేమీ లేదు.

మొదటి టేపు పెట్టాను. "నేను భాస్కర్‌ను" అన్నాడు. పక్క గదిలోంచి అన్నట్టు ఉంది. స్పీకర్ తీగ పీకేశాను. అన్న పోయినప్పుడు నేను ఏడవలేదు, నీకు గుర్తుందో లేదో. అందరూ చూశారు, వీనికి గుండె లేదన్నారు. ఆ రెండు ముక్కలు విని ఎక్కడ ఏడుస్తానో అని భయమేసింది. ఏడిస్తే ఇరవై ఏండ్ల కోపం ఏం కావాలి? ఆ కోపం తప్ప నాకు అన్న గుర్తుగా ఏం మిగిలింది?

ఆ తర్వాత ఒక్క టేపు కూడా వినలేదు. శబ్దం తీసేసి, తెర మీద శబ్దాన్ని చూపించే గీత చూస్తూ చేశాను. మాట ఉన్నప్పుడు గీత చిన్నగా ఎగురుతుంది. ప్రోగ్రాం రాగానే లావుగా నిండుతుంది. లావైనాక రికార్డు నొక్కేవాణ్ని. ఇరవైఆరు సార్లు అన్న మాట్లాడుతుంటే గీతలాగా చూస్తూ కూర్చున్నాను.

ఏడో టేపు కూడా అంతే. నువ్వు వినమన్నావని తెలిసీ వినలేదు, దాంట్లోంచి వచ్చిన ప్రోగ్రాంలు కూడా తెరిచి చూడలేదు. చాలాసేపు పట్టింది. మిగతా టేపుల్లో గీత తొందరగా లావయ్యేది, దాంట్లో మాత్రం చాలాసేపు చిన్నగానే ఎగిరింది. ఇంతసేపు ఏం మాట్లాడుతున్నాడు అనుకున్నాను. రికార్డు బటన్ మీద వేలు పెట్టి, మాట అయ్యేదాకా ఆగాను.

నీకు నిజం చెప్తే మళ్లీ ఎక్కించమంటావని భయపడ్డాను. అందుకే టేపులు నా దగ్గర ఉంచుకోవాలనుకున్నాను. ధైర్యం వచ్చినప్పుడు నేనే ఎక్కిద్దామని. నువ్వు కోపంగా రాస్తే నాకూ పౌరుషం వచ్చింది, డబ్బా ఇచ్చి పంపించాను. నా అబద్ధం వల్ల నువ్వు టేపులు అడిగావు. నా అబద్ధం వల్ల కురుమూర్తి వాటిని అటక మీద వదిలేశాడు. మొన్న నీ చేయి పట్టుకొని ఇదే చెప్పాలనుకున్నాను.

నన్ను తిట్టు వదినా. ఏమీ రాయకుండా మాత్రం ఉండకు.

శ్రవణ్


అలంపూర్
8 నవంబర్ 2009

శ్రవణ్‌కు,

పదిహేను రోజులు నీకు రాయలేదు. కావాలనే రాయలేదు. నీ ఉత్తరం చదివి చించబోయి, మళ్లీ మడతపెట్టాను. కోపం వచ్చింది, ఇంకా ఉంది. ఎప్పుడు పోతుందో నాకు తెలియదు, పోయిందని నీకు అబద్ధం రాయలేను.

ఇల్లు సున్నం వేయించాను. బురద గీత గోడ మీద ఇంకా కనపడుతోంది. హాస్టల్ నుంచి వచ్చి తాళం తీస్తాను. చేతులు కడుక్కుంటాను. ఎవరూ అడగలేదు కదా అని అప్పుడు గుర్తొస్తుంది.

తప్పు నీదొక్కనిదే అనను. టేపులు ఏసీ గదిలో ఉంటాయని నువ్వు అన్నప్పుడు నేనే వద్దన్నాను. పంతం పట్టి నది పక్కకు తెప్పించుకున్నది నేను. ఏడో టేపులో ఏముందో జూలైలోనే ఒక కార్డు ముక్క రాసి ఉంటే, నువ్వు పరుగెత్తుకొని పోయి వినేవాడివి. ఆయన నోటితోనే వినాలని మురిపెం చేసుకున్నాను.

కురుమూర్తికి ఏమీ చెప్పవద్దు. ఎన్నేండ్లైనా సరే, నువ్వు చెప్పవద్దు. మొన్న వచ్చి మిషన్ నడిపి చూసుకొని, చిన్నపిల్లవానిలాగా సంతోషపడి పోయాడు.

అతనూ యేసుబాబూ ఈ నెలాఖరు ఆదివారం ఆగిపోయిన కూడిక పెడదామంటున్నారు. టేపులు పోయాయని అందరికీ తెలుసు. సీడీలోంచి వినిపిస్తాననే అనుకుంటున్నారు. బూజుకు టేపుల్లో మాటలు ముందే చెడిపోయాయని, అందుకే సీడీలోకి ఎక్కలేదని నేనే చెప్తాను, ఎవరి పేరూ ఎత్తను. నీ గొంతు మీ అన్న గొంతులాగే ఉంటుందని, నువ్వు వస్తే నీతో అడిగిద్దామని యేసుబాబు అంటాడేమో. నువ్వు రావాలి. కానీ అడగొద్దు. ఎవరూ అడగొద్దు. కంప్యూటర్ ముందు కూర్చున్నాక మేమే "కడుక్కున్నం సార్" అంటాం. నువ్వు కూడా మాతో అను. నువ్వు ఒక్కసారి కూడా అనలేదు.

ఇక ఏడో టేపు. ఇరవైఆరింటి మాటలూ నాకు నోటికి వస్తాయి. ఎవరన్నా అడిగితే పాటలాగా చెప్పగలను. అన్నీ నోటుబుక్కులో రాస్తున్నాను. మొదట ఇదే రాశాను, నీ కోసం. ఒక్క ముక్క కలపలేదు, ఒక్క ముక్క తీయలేదు.

"నేను భాస్కర్‌ను. గద్వాలకెళ్లి మాట్లాడుతున్న. ఇది టేపు ఏడు. దీంట్ల ఆరు ప్రోగ్రాంలున్నయి. మొదటిది పుట్టి ఆట. రాసింది శ్రవణ్ కుమార్, ఆరో తరగతి. మా తమ్ముడు. తమ్ముడని పెడుతలేను. నాలుగు దినాలు ఆడిన, నాలుగు దినాలు మునిగిన. రాయి ఏ దిక్కుకెళ్లి వస్తదో తెల్వకుంట రాసిండు. గట్ల రాసుడు నాకు రాదు. వాడు నా కన్న మంచిగ రాస్తడు, ఇంకా మంచిగ రాస్తడు. మీరు ఆడి చూసి ఎట్లున్నదో నాకు కార్డు రాయుండ్రి. నేను మెచ్చుకున్ననని వానికి మాత్రం చెప్పకుండ్రి, తలకెక్కుతది. ఇగ, చేతులు కడుక్కున్నరా?"

అంతే. "తలకెక్కుతది" అన్నాక చిన్నగా నవ్వాడు. తలుపు దిక్కు చూసి, నువ్వు వింటున్నావేమోనని గొంతు తగ్గించుకొని నవ్వాడు. ఆ నవ్వు కూడా రాద్దామని కూర్చున్నాను. నాలుగు కాగితాలు పాడుచేశాను. రాయడం రాలేదు.

నీ వదిన
మాలతి